తీఱికవేళలు – అష్టావధానము



మొన్నటి మాఘమాసమున తెనాలినుండి రేపల్లె పోవు రైలుబండిలో నాకొక రైతు తటస్థపడెను. వేమూరు దాటిన పిమ్మట మాటలు కలిసినవి. ఆయన ఒడిలోని సంచిలో మూడు వస్తువులుండెను. ఒకటి హార్మోనియము నేర్పు పుస్తకము, రెండవది నిమ్మయంట్లు కట్టుటను గూర్చిన చిన్న పొత్తము, మూడవది చదరంగపు బల్ల. మూడును ఆనాడే తెనాలి బజారులో కొన్నవి. “అన్నిటిమీదా ఆశేనండీ మాస్టారూ, ఏ ఒక్కటీ సాగదు. పొలం పని పోగా దొరికేది గంటో గంటన్నరో. ఒకటి పట్టుకుంటే రెండోది పిలుస్తుంది. ఆఖరికి ఏదీ చేయకుండా పడుకుంటాను” అని చెప్పి ఆయన నవ్వెను. ఆ నవ్వులో కొంత సిగ్గును కొంత విచారమును కనబడెను. అంతలో భట్టిప్రోలు వచ్చుటచే నేను దిగిపోయితిని. సమాధానము చెప్పలేకపోయితిని. ఈ ప్రసంగము నేనాయనకు బాకీపడిన సమాధానమని మీరు భావింపవచ్చును.

ఇట్టివానిని చూచి “రెంటికి చెడ్డ రేవడి” యని నవ్వుట లోకమునకు అలవాటు. నేను నవ్వజాలను. పెక్కు విద్యలయందు ఆసక్తి కలుగుట దోషమని మన పెద్దలెన్నడును చెప్పలేదు. కళలు అఱువదినాలుగని లెక్కించిన జాతి మనది. ఆ పట్టికలో గీతమును నృత్యమును మాత్రమే కాక, పూలు గ్రుచ్చుటయు, చెట్లకు వైద్యము చేయుటయు, పొడుపుకథలు విప్పుటయు చేర్చిరి. ఆసక్తి పెక్కింటిమీద కలుగుట సహజము. చిక్కంతయు కాలముతోనే.

నా సంగతియే చెప్పెదను. ముప్పదియైదు సంవత్సరములు పాఠశాలలో తెలుగు బోధించితిని. బడి విడిచి యింటికి చేరి, స్నానసంధ్యలు ముగించి, పిల్లల వ్రాతపుస్తకములు దిద్దిన తరువాత నాకు దినమునకు మిగిలినది నాలుగు ఘడియలు, అనగా 96 నిమిషములు. ఆ స్వల్పకాలమునకు నేనాఱు వ్యాసంగములను తగిలించితిని. వీణ, పంచాంగ గణితము, శాసనలిపులు, పూలతోట, చదరంగము, మా తాతగారు వ్రాసిన తాటాకు గ్రంథమునకు కాగితముపై ప్రతి వ్రాయుట. తొంబదియాఱును ఆఱుచే భాగించినచో పదునాఱు. లెక్క సరిగానే యున్నది. కాని వీణకు గవిసెన విప్పి, తంతులు సవరించి, శ్రుతి కలుపుటకే పది నిమిషములు చాలవు. తాటాకుకట్ట త్రాడు విప్పి, ఆకులు తుడిచి, మసి పూసి, గంటపు గీతలు కన్నులకు ఆనునంతకు పదునాఱు నిమిషములును గడచిపోవును. ఆ విధముగా నేను కొన్ని సంవత్సరములు విద్యలను అభ్యసింపలేదు. వానిని విప్పుటయు మరల కట్టుటయు మాత్రమే అభ్యసించితిని.

దాని ఫలము వినుడు. మా తాతగారి గ్రంథము 112 ఆకులు. ఒక ప్రబంధమునకు వారు పల్లెలో పిల్లలకు చెప్పుకొనుటకై వ్రాసికొన్న వ్యాఖ్య. వేఱొక ప్రతి యెచటను లేదు. 19 ఆకులకు ప్రతి వ్రాసినంతనే గులాబీయంట్లమీద నాకు వేడుక పుట్టినది. కట్టను అటకమీద పెట్టితిని. గులాబీల పిమ్మట భట్టిప్రోలు శాసనములమీద మనసు పోయినది. అచటి బౌద్ధస్తూపమున 1892లో అలెగ్జాండర్ రీ అను దొర త్రవ్వించినప్పుడు దొరకిన రాతి కరండములమీది అక్షరములు బ్రాహ్మీలిపియందే యొక ప్రత్యేక భేదమని విని, ఆ యక్షరముల పటమును గోడకు అతికించుకొని నెలల తరబడి దిద్దితిని. మూడవ వర్షాకాలమున అటకనుండి కట్టను దింపి చూచితిని. చెదలు పట్టియుండెను. చేతితో తాకినంతనే నడిమి యాకులు పొడియైపోయినవి. తప్పు చెదలది కాదు. కట్టను నెలకొకసారి ఎండ తగులనిచ్చినను మిగిలియుండెడిది. ఆ వ్యాసంగము నాదని చెప్పుకొనుచునే యుంటిని గాని దానివైపు మూడేండ్లు చూడనేలేదు.

ఆ యేడే నేనొక యష్టావధాన సభకు పోయితిని. చిన్ననాటినుండి యెన్నో అవధానములు చూచియుంటిని గాని, ఆ దినమున మాత్రము పద్యములకొఱకు గాక, ఈ మనుష్యుడు తన మనస్సును ఎట్లు పంచుకొనుచున్నాడు అను ప్రశ్నతో చూచితిని. నేనచట గ్రహించినది మీకు వివరించెదను.

అవధానమును చూడనివారు, ఎనిమిది పనులను ఒక్క క్షణమున చేయుటయే అష్టావధానమని తలంతురు. అది పొరపాటు. సభలో ఎనమండుగురు పృచ్ఛకులు కూర్చుందురు. ఒకరు సమస్య నిత్తురు. అనగా అర్థము పొసగనట్లు కనబడు నొక పద్యపాదము నిచ్చి పూరింపుమందురు. ఒకరు దత్తపది యని నాలుగు మాటలిచ్చి, వానిని నాలుగు పాదములలో పొదుగుమందురు. నిషిద్ధాక్షరి యడుగువారు అవధాని ఒక్కొక్క యక్షరము పలుకగనే తరువాత ఫలాని యక్షరము రాకూడదని అడ్డగింతురు. ఒకరు వర్ణన కోరుదురు. ఒకరు పురాణమునుండి పద్యము చదివి సందర్భము చెప్పుమందురు. వ్యస్తాక్షరివారు ఒక వాక్యములోని యక్షరములను చెదరగొట్టి, ‘పదునాలుగవది యిది, మూడవది యిది’ యని నడుమ నడుమ చీటీలమీద అందింతురు. ఒకరు గంట మ్రోగింతురు; ఎన్నిమాఱులు మ్రోగెనో అవధాని చివర చెప్పవలెను. ఎనిమిదవవారు అప్రస్తుతప్రసంగి. ఈయనకు వంతు లేదు. ఎప్పుడైన అడ్డువచ్చి, ‘అవధానిగారూ, మీ యింట ఈ పూట కూర యేమి?’ యని యడుగవచ్చును. ఈ యంశములు సభనుబట్టి కొంత మాఱుచుండును.

ఇపుడు అవధాని చేయు పనిని గమనింపుడు. మొదటి పృచ్ఛకునికి ఆయన పూర్ణపద్యము చెప్పడు. ఒక్క పాదము చెప్పును. చెప్పి వానిని విడిచి రెండవవానివైపు తిరుగును. అచటను ఒక్క పాదమే. అట్లు పద్యములడిగిన వారందఱకును ఒక్కొక్క పాదము చెప్పుటతో ఒక యావృత్తి ముగియును. రెండవ యావృత్తిలో రెండవ పాదములు. నాలుగావృత్తులకు పద్యములన్నియు పూర్తియగును. పిదప ధారణ, అనగా చెప్పిన పద్యములన్నిటిని మొదటినుండి తప్పులేక యప్పగించుట. ఏ క్షణమున చూచినను ఆయన మనస్సు ఒక్క పాదముమీదనే యున్నది. ఎనిమిది అనునది సభకు కనబడు లెక్క. అవధానికి మాత్రము ఎప్పుడును ఒకటే.

ఇంకొక సూక్ష్మము కలదు. పాదము నడుమ ఆయన ఎన్నడును ఆగడు. యతి కుదిర్చి, గణములు నింపి, పాదాంతము చేరిన పిదపనే విడుచును. పైగా వృత్తములయందు ప్రాసనియమ ముండుటచే, మొదటి పాదములోని రెండవ యక్షరము తక్కిన మూడు పాదములకును గుఱుతుగా నిలుచును. అవధాని మరల ఆ పద్యమునకు తిరిగివచ్చునప్పటికి ఎక్కడ మొదలుపెట్టవలెనో ప్రాసాక్షరమే చెప్పును. ఛందస్సు మనకు బంధనమని నేటి పిల్లలందురు. అవధానికి అది దారి తప్పకుండ నాటిన రాయి.

దీనికి పాశ్చాత్య శాస్త్రజ్ఞుల పరీక్షలును తోడువచ్చుచున్నవి. 1927లో అమెరికాలో ఆర్థర్ జెర్సిల్డు అను మనస్తత్త్వ శాస్త్రజ్ఞుడు, ఒకే విధమైన లెక్కలు వరుసగా చేయుటకంటె రెండు విధములైన లెక్కలను మార్చి మార్చి చేయుటకు ఎక్కువ కాలము పట్టునని కొలిచి చూపెను. 2009లో సోఫీ లెరోయ్ అను విదుషి ఇంకొక విషయము వెల్లడించెను. ఒక పనిని అసంపూర్తిగా విడిచి వేఱొక పనికి పోయినచో, మనస్సులో కొంత భాగము మొదటి పనియొద్దనే నిలిచిపోవుననియు, అందుచే రెండవ పని చెడుననియు ఆమె చెప్పెను. ఆ మిగిలిపోయిన భాగమునకు ఆమె పెట్టిన పేరు ‘అవధానశేషము’ అని తెనిగింపవచ్చును. 2018లో ఆమెయు వేఱొక పరిశోధకురాలును కలిసి దీనికి మందును గూడ చూపిరి. పని విడుచునప్పుడు, ఎంతవఱకు వచ్చినది, మరల వచ్చినప్పుడు మొదట చేయవలసినదేమి అని రెండు ముక్కలు వ్రాసిపెట్టుకొన్నచో ఆ శేషము తగ్గునట. ఇది విని నాకు నవ్వు వచ్చినది. పాదాంతమున ఆగుట, ప్రాసను గుఱుతుంచుకొనుట అని మన యవధానులు చేయునది ఇదియే కదా!

అయితే ఒక హెచ్చరిక. అవధాని సభలో ఎనిమిదింటిని నడపగలుగుట, సభకు రాకమునుపు సంవత్సరములకొలది ఒక్కటే విద్యను సాధించినందువలన. దివాకర్ల తిరుపతిశాస్త్రి, చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారలు శతావధానము చేసి ఆంధ్రదేశమంతట జయభేరి మ్రోగించిరి. మన ప్రాంతమునకు పడమట కొప్పరమున పుట్టిన కొప్పరపు సోదరకవులు, వేంకటసుబ్బరాయకవి, వేంకటరమణకవి, ఆశుకవిత్వమున వారితో పోటీపడిరి. ఇరువదవ శతాబ్ద ప్రథమపాదమున ఈ జంటకవుల వాదములు గుంటూరు మండలమున పండితులను రెండు పక్షములుగా చీల్చినవి. మా యింటిలోనే మా తాతగారొక పక్షము, వారి తమ్ములొక పక్షమట. కొంతకాలము పండుగభోజనములకు గూడ ఒకచోట కూర్చుండలేదట. ఆ కవులెవ్వరును అవధానము చేయుచు ఛందస్సు నేర్చుకొన్నవారు కారు. ఎనిమిది కొత్త విద్యలను ఒక్కమాఱు మొదలుపెట్టువానికి అవధాని ఉపమానము కాడు. ఒక్క విద్యలో తిరుగుటకు అలవడిన మనస్సునకే ఎనిమిది దారులు తెఱచుకొనును.

కాలువకింద సేద్యము చేయు మీకు ఇదంతయు వేఱొక రూపమున తెలిసినదే. విజయవాడయొద్ద కృష్ణకు 1855లో ఆనకట్ట ముగిసినది. 1957లో దాని స్థానమున ప్రకాశము బారేజి వచ్చినది. అచటినుండి పడమటి కాలువ బయలుదేఱి, దుగ్గిరాలయొద్ద చీలి, తెనాలి నడుమనుండియు, రేపల్లె వైపునకును, కొమ్మమూరు కాలువగా బాపట్ల వైపునకును నీరు కొనిపోవును. నీరు తక్కువగానున్న యేడు తూములన్నియు ఒక్కమాఱు తెఱచినచో ఏమగును? కాలువలో మట్టము పడిపోవును. తలాపున నున్న చేలు తడియును; నిజాంపట్నము దిక్కున చివరి చేలకు బురదయైన మిగులదు. అందుచే వంతులు పెట్టుదురు. వంతు వచ్చిన తూమునకు నీరు నిండుగా, తక్కిన తూములు గట్టిగా మూసి. వంతు తప్పించి రాత్రివేళ తూము ఎత్తువాడు ఊరికి శత్రువు. నా తొంబదియాఱు నిమిషములకు నేను ఆఱు తూములెత్తినవాడను. నా గ్రంథము చివరి చేను.

వంతులనునవి దినములో పెట్టనక్కఱలేదు. రైతునకు తీఱిక దినమున గాక సంవత్సరమున దొరకును. ఏరువాక మొదలు నాట్లు ముగియువఱకు ఊపిరి సలుపదు. నాట్లు పడిన పిదప కొంత, కోతలు కుప్పనూర్పులు ముగిసిన పిదప కొంత, వేసవిలో కాలువలు కట్టినప్పుడు మిక్కిలిగా తీఱిక యుండును. పూర్వము నాటకములును, హరికథలును, పురాణకాలక్షేపములును ఆ నెలలనే చూచి వచ్చుచుండెడివి. ఉద్యోగి వలె దినమునకు గంట చొప్పున కొలుచుకొన్నచో రైతు తీఱిక కనబడదు. ఋతువు చొప్పున కొలిచినచో కనబడును.

ఇచట వ్యాసంగముల జాతిభేదమును గుర్తింపవలయును. కొన్ని పెరుగువంటివి, కొన్ని ఆవకాయవంటివి. వీణ, గాత్రము, కంఠస్థము చేసిన పద్యములు నాటికి నాడు తోడుపెట్టవలసినవి. పది దినములు మానినచో వ్రేళ్లు మొద్దుబాఱును, పద్యము జాఱిపోవును. వీనికి రోజునకు అఱగంట చాలును గాని, ఆ యఱగంట తప్పరాదు. శాసనముల పఠనము, గ్రంథప్రతి, చరిత్రపరిశోధనము ఆవకాయవంటివి. వేసవిలో ఒక్కమాఱు దీక్షగా కూర్చుండి కలిపి, జాడీ మూతకు గుడ్డ కట్టినచో ఏడాది నిలుచును. కాని కట్టిన గుడ్డను అప్పుడప్పుడు విప్పి చూడవలెను. నేనది చేయలేదని ముందే విన్నవించితిని. తోటపని మనము చెప్పినట్లు వినదు. అంట్లకు కాలము వచ్చినప్పుడే కట్టవలెను. బాపట్ల దిక్కు ఇసుకభూములవారికి ఒక కాలము, రేపల్లె నల్లభూములవారికి ఒక కాలము. ఈ విషయమున సందేహమున్నచో 1945లో బాపట్లలో నెలకొన్న వ్యవసాయ కళాశాలవారిని అడుగుట మేలు, నన్ను గాదు. నాటకమునకు నలుగురి తీఱిక ఒక్కవేళ కలియవలెను. చదరంగమునకు ఎదుటివాడొకడు చాలును గాని, ఆ యొకడు మనకంటె తీఱికగలవాడైనచో మన రాత్రి పోయినదన్నమాటయే.

మఱియొక సంగతి మీ చేలనుండియే నేర్చితిని. తెనాలి, రేపల్లె ప్రాంతములలో వరికోతకు కొన్ని దినములు ముందు, నిలిచియున్న వరిలోనే మినుము చల్లుదురు. దున్నరు, నీరు పెట్టరు. వరి విడిచిన పదనుమీదనే మినుము మొలిచి, కాపు కాయును. రెండు పంటలు ఒక చేనియందు ఒక కాలమున కలిసియుండుట ఆ కొద్ది దినములే. అయినను రెండవది మొదటిదానికి భారము కాదు. నా యాఱు వ్యాసంగములలో దేని పదను దేనికిని పనికిరాలేదు. చదరంగము గులాబీకి ఏమిచ్చును? తాటాకు ప్రతి వ్రాయుచు, అందలి పాత వ్రాతనుండి శాసనలిపికి పోయియున్నచో అది వరిలో మినుము అయియుండెడిది. నేను వరిని కోయకయే పొలము విడిచి పోయితిని.

మన ప్రాంతపువారి చరిత్రలలో ఈ మినుముపంటను చక్కగా చూడవచ్చును. స్థానము నరసింహారావుగారు 1902లో బాపట్లలో జన్మించి, తెనాలి శ్రీరామవిలాస సభలో స్త్రీపాత్రలు ధరించి ప్రఖ్యాతి గాంచిరి. సత్యభామ, చిత్రాంగి, రోషనార, మధురవాణి, ఒక్కొక్కరి నడక వేఱు, మాట వేఱు, కట్టు వేఱు. సంగీతము, అలంకారము, లోకపరిశీలనము, పాటల రచన, చివరకు తన యనుభవములను ‘నటస్థానము’ అను గ్రంథముగా వ్రాయుట, ఇవన్నియు వేర్వేఱు విద్యలే. కాని అన్నియు నటన యను ఒక చేని పదనుమీద మొలిచినవి. 1956లో వారికి పద్మశ్రీ బిరుదము వచ్చెను, 1971లో గతించిరి.

డాక్టరు గోవిందరాజుల సుబ్బారావుగారి మార్గము వేఱు. ఆయన తెనాలిలో వైద్యుడు. పగలు నాడి పట్టుకొనినవాడే రాత్రి రంగస్థలముమీద నిలిచెను. వైద్యమునకును నటనకును పొత్తేమి యని మీరడుగవచ్చును. మనుష్యుల బాధలను, పిసినితనమును, వార్ధక్యమును దినమెల్ల దగ్గఱనుండి చూచువాడు వైద్యుడు గాక మఱెవరు? 1938లో వచ్చిన ‘మాలపిల్ల’యందును, 1949లోని ‘గుణసుందరి కథ’యందును ఆయన నటించెను. 1955లోని ‘కన్యాశుల్కము’ చిత్రమున లుబ్ధావధానులుగా ఆయనను చూచినవారు, ఆ ముసలితనమును ఆయన ఎచటనో పరీక్షించియే తెచ్చెనని ఒప్పుకొందురు. ఇది నా యూహ మాత్రమే.

చక్రపాణిగారని లోకమెఱిగిన ఆలూరి వెంకట సుబ్బారావుగారు 1908లో తెనాలిలో జన్మించిరి. క్షయవ్యాధి సోకి మదనపల్లె శానిటోరియమున మంచమెక్కవలసి వచ్చినది. తీఱిక యనునది కొందఱకు వరముగా వచ్చును, కొందఱకు ఇట్లు శిక్షగా వచ్చును. ఆ శిక్షాకాలమున ఆయన ఆఱు పనులు పెట్టుకొనలేదు; వంగభాష నొక్కదానిని నేర్చుకొనెను. దాని పదనుమీద శరత్‌చంద్రుని నవలలు తెలుగైనవి. తరువాతి కాలమున నాగిరెడ్డిగారితో కూడి 1947 జులైలో ‘చందమామ’ పత్రికను, పిమ్మట సినిమాలను నడిపెను.

దూరమైనను గిడుగు రామమూర్తిగారిని తలపకుండ నేను ఉపాధ్యాయుల తీఱికను గూర్చి మాటలాడలేను. వారి వ్యావహారిక భాషావాదము నాకు సమ్మతము కాదని నా యీ వాక్యములే చాటుచున్నవి. అయినను ఆ మహనీయునికి చేతులెత్తి నమస్కరింతును. 1863లో పుట్టి, 1880లో పర్లాకిమిడిలో బడిపంతులైరి. బడి ముగిసిన వేళలలో కొండలలోని సవరల భాష నేర్చుకొనిరి. దానికి లిపి లేదు, పుస్తకము లేదు. ముఖలింగ దేవాలయపు శాసనములు చదివి లిపిశాస్త్రము సాధించిరి. సవరల కొఱకు వాచకములు వ్రాసిరి, బడులు పెట్టిరి. అడవులలో తిరిగి చలిజ్వరము తెచ్చుకొనిరి. దానికి వేసికొన్న క్వినైనువలన చెవులు పోయినవి. భాషయే ప్రాణముగా నున్నవానికి వినికిడి పోవుట యెట్టిదో యూహింపుడు. అయినను విడువలేదు. 1931లో సవరభాషా వ్యాకరణము, 1938లో నిఘంటువు అచ్చైనవి. 1940లో గతించిరి. ఒక బడిపంతులు సాయంకాలములు పెక్కేండ్లకు ఎంతయగునో ఆ పుస్తకములు చెప్పును.

పనిని విడిచిపోయిన మహానుభావులును లేకపోలేదు. ఇటలీ దేశపు లియొనార్డో డా విన్సీ చిత్రము, శిల్పము, యంత్రములు, దేహనిర్మాణము, జలప్రవాహములు అన్నియు శోధించెను. 1481లో ఒక మఠమువారికొఱకు మొదలుపెట్టిన పెద్ద చిత్రమును అసంపూర్తిగా విడిచి మిలాను నగరమునకు పోయెను. అది నేటికిని ఫ్లోరెన్సు నగరమున అట్లే యున్నది. లియొనార్డో విడిచినదానికి ప్రదర్శనశాలలో స్థానము దొరకినది. నేను విడిచినది అటకమీద నుండెను.

అప్రస్తుతప్రసంగి యని చెప్పితిని గదా. నేడు ప్రతివాని జేబులోను ఒక యప్రస్తుతప్రసంగి కూర్చున్నాడు. చరవాణి మ్రోగినది, తీసితిమి, ఎవరో ఏదో పంపినారు, చూచితిమి, దానివెంట పది వచ్చినవి. దీనిని తిట్టుట ముసలివారికి సులభము. నేను తిట్టను. అవధాన సభలో అప్రస్తుతప్రసంగి లేకున్న జనము నిద్రపోవుదురు. ఆయనయును సభామర్యాదలో భాగమే. అవధాని ఆయన ప్రశ్నకు చమత్కారముగా ఒక్క మాట చెప్పి, జనము నవ్వులో నుండగనే తాను పాదమునకు తిరిగిపోవును. ఆయనతో వాదమునకు దిగిన యవధాని ఓడిపోయినట్లే. నేను సాయంకాలము పుస్తకము ముందుంచుకొన్నప్పుడు ఆ యంత్రమును వంటింటి గూటిలో పెట్టి వత్తును. మ్రోగినచో మా యింటివారు పిలుతురు.

మా యింటివారి మాట వచ్చినది గనుక మనసులోని మాట యొకటి చెప్పవలయును. నా నాలుగు ఘడియల తీఱిక ఎచటినుండి వచ్చినదని నేను ఉద్యోగకాలమంతయు ఒక్కనాడైన ఆలోచింపలేదు. నేను వీణ శ్రుతి చేయుచున్నప్పుడు ఆమె పొయ్యి ఊదుచుండెను. నేను గులాబీలకు నీరు పోయుటకు ఆ నీటిని తోడినది ఆమె. పదవి విరమించిన మఱునాడు ఆమె నన్ను అడిగినది: “మీకు రిటైరుమెంటు వచ్చింది. నాకెప్పుడు వస్తుందండీ?” నాకు సమాధానము తోచలేదు. చిన్నప్పుడు ఆమెకు ముగ్గులమీదను, పాటలమీదను ఎంతో వేడుక. పెండ్లినాటికి ఒక నోటుపుస్తకము నిండ పెండ్లిపాటలు వ్రాసి తెచ్చుకొన్నది. అందులో సగము కాగితములు తెల్లగానే యున్నవి. ఇపుడు ఉదయపు కాఫీయు, సాయంకాలము గిన్నెలును నా వంతు. ఇది గొప్పగా చెప్పుకొనుటకు గాదు. వంతులు పెట్టుటయనగా మొదట ఇంటిలో పెట్టవలసియున్నదని ఆలస్యముగా తెలిసినదని చెప్పుటకు. పెద్దలలో కొందఱకు ఈ మాట రుచింపకపోవచ్చును. మీ యిండ్లలో అడిగి చూడుడు.

నా యాఱింటిలో నేడు రెండే యున్నవి. ఉదయము అఱగంట వీణ. అది పెరుగు. వీణ శ్రుతి తప్పనీయక, గవిసెన తొడుగక, పీటమీదనే యుంచుచున్నాను; విప్పుటకు పట్టు కాలము అట్లు కలిసివచ్చినది. వేసవి రెండు నెలలు తాటాకులు. పంచాంగ గణితము మానితిని. అచ్చు పంచాంగము కొనుచున్నాను. చదరంగపు బల్లను పొరుగింటి కుఱ్ఱవానికిచ్చితిని. గులాబీలు చచ్చినవి, మల్లె మాత్రము తనంతట తానే బ్రతుకుచున్నది. విడుచునప్పుడు బాధ కలుగలేదని చెప్పను. ముఖ్యముగా పంచాంగమును విడుచుటకు రెండేండ్లు పట్టినది. గ్రహణము వచ్చినప్పుడెల్ల చేయి గణితమునకు పోవును.

రైలులోని ఆ రైతుగారు ఇది వినుచున్నచో, ఆయనకు నా మాట యిది. అయ్యా, మీ సంచిలోని మూడింటిలో హార్మోనియము నిత్యము తాకవలసినది. నిమ్మయంట్లు కాలము చూచి కట్టవలసినవి. చదరంగము ఎప్పుడైనను ఆడదగినది. మూడును ఒక గంటకొఱకు కొట్లాడవలసిన పని లేదు. రాత్రి అఱగంట హార్మోనియమునకు విడిచి, దినమున ఒక వరస పూర్తియైన పిదపనే మూయుడు. రేపు ఎత్తుకొనవలసిన స్వరమును మూతమీద సుద్దతో వ్రాసిపెట్టుడు. అంట్ల పుస్తకమును ఆ కాలము వచ్చువఱకు పెట్టెలో పెట్టుడు. చదరంగమును పండుగనాడు తీయుడు. ఒక సంవత్సరము తరువాత ఏది పెట్టెలోనే నిలిచిపోయినదో చూచి, దానిని అడిగినవారికిచ్చివేయుడు. వేటపాలెములో 1918లో వెలసిన సారస్వత నికేతనము వంటి గ్రంథాలయములు మన జిల్లాలలో నేటికిని కలవు. పుస్తకములైనచో అచటికి ఇచ్చినను చెల్లును.

మా తాతగారి గ్రంథమున చదువదగిన యాకులు 41 మిగిలినవి. మొన్నటి వేసవిలో మా మనుమడు వానినన్నిటిని చరవాణితో ఛాయాచిత్రములు తీసి పెద్దవి చేసి చూపినాడు. నా కన్నులకు ఆనని గీతలు అందులో ఆనుచున్నవి. నేను చదువుచుండగా వాడు వ్రాయుచున్నాడు. తప్పు వ్రాసినచోట నేను దిద్దుచున్నాను. ఒక యాకు ముగిసినంతనే కట్ట కట్టి, తరువాతి యాకు మొదటి మాటను చీటీమీద వ్రాసి త్రాటికి తగిలించుచున్నాము. ఇంతవఱకు 33 ఆకులైనవి. 34వ యాకు సగమునుండి చెదలు తినివేసినవి. ఆ సగమున తాతగారు ఏమి వ్రాసియుందురో వాడు నన్నడిగినాడు. ప్రబంధమును తెఱచి ముందు వెనుకల పద్యములు చూచి ఊహింపవలసినదే. వచ్చు వేసవిలో దానితోనే మొదలుపెట్టుదుము.